లేబుల్ ఒకటి, మొక్క ఒకటి: సన్‌డ్యూల పేర్ల వెనక 250 ఏళ్ల కథ

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. అరచేతిలో పట్టేంత చిన్న మొక్క ఒకటి ఉంది. దాని కుండీలో గుచ్చిన ఒక ప్లాస్టిక్ లేబుల్ ఉంది. ఆ లేబుల్ మీద "డ్రోసెరా స్పాట్యులాటా, కన్సాయ్" అని రాసి ఉంటుంది.

పురుగుల్ని తినే మొక్కలు సరదాగా పెంచేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. జపాన్, యూరప్, అమెరికా, ఎక్కడైనా సరే, వాళ్ల దగ్గర ఈ పేరుతో ఉన్న కుండీలు దశాబ్దాలుగా చేతులు మారుతున్నాయి. ఒకరు గింజలు పంపిస్తారు, ఇంకొకరు మొలకెత్తించి మళ్లీ గింజలు పంచుతారు. అంతా బాగానే ఉంది. కానీ చాలా కుండీల్లో ఉన్నది స్పాట్యులాటా కాదు. అది వేరే జాతి. ఆ విషయం తేల్చి, దానికి వేరే పేరు పెట్టి 30 ఏళ్లు దాటింది. లేబుల్ మాత్రం మారలేదు.

మరి అది ఏ మొక్క? ఎలా కనిపెట్టారు? అసలు ఒక పేరు తప్పయితే ఏం కొంప మునుగుతుంది? ఈ మూడు ప్రశ్నలకీ జవాబు వెతుకుదాం. చివర్లో మన తెలుగు నేల మీద పెరిగే సన్‌డ్యూ దగ్గరికి కూడా వస్తాం.

మొక్క గురించి రెండు మాటలు

సన్‌డ్యూ ఆకుల మీద సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. ప్రతి వెంట్రుక చివర ఒక జిగురు చుక్క, ఎండలో మంచు బిందువులా మెరుస్తుంది. చిన్న పురుగు వచ్చి వాలిందా, అతుక్కుపోతుంది. చుట్టుపక్కల వెంట్రుకలు మెల్లగా దాని మీదకి వంగుతాయి. ఆ జిగురులోని రసాలే పురుగుని అరిగించేస్తాయి. నేలలో నత్రజని దొరకని చోట్ల ఈ మొక్క ఇలా బతుకుతుంది. గ్రీకులో మంచు అనే అర్థం ఉన్న మాట నుంచే దీని శాస్త్రీయ నామం "డ్రోసెరా" వచ్చింది.

చార్లెస్ డార్విన్‌కి ఈ మొక్కంటే పిచ్చి. 1860 ఎండాకాలంలో ఇంగ్లండ్‌లో ఒక సన్‌డ్యూని చూసి మొదలెట్టిన ప్రయోగాలు పదిహేనేళ్లు సాగాయి. 1875లో పురుగుల్ని తినే మొక్కల మీద ఆయన పుస్తకం వచ్చింది. జీవజాతుల పుట్టుక మీద పుస్తకం రాసి ప్రపంచాన్ని కుదిపేసిన ఏడాదికే, ప్రపంచంలోని జాతులన్నిటి పుట్టుక కన్నా నాకు డ్రోసెరా మీదే ధ్యాస ఎక్కువగా ఉందని ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు.

డార్విన్ ఎక్కువ ప్రయోగాలు చేసింది గుండ్రటి ఆకుల రొటండిఫోలియా మీద. ఆ పేరు సరిగ్గా ఉంది కాబట్టే, తర్వాత ఎవరైనా అదే మొక్క తెచ్చుకుని, అదే ప్రయోగం చేసి, ఆయన చెప్పింది నిజమో కాదో చూసుకోగలిగారు. పేరు తప్పయితే ఆ దారి మూసుకుపోతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మొదటి తికమక: లిన్నేయస్ దగ్గరే

మొక్కలకి రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరిచింది స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్. 1753లో వచ్చిన ఆయన పుస్తకంలో కొన్ని డ్రోసెరాలు ఉన్నాయి. రొటండిఫోలియా, దక్షిణాఫ్రికా నుంచి కేపెన్సిస్, మన వైపు నుంచి ఇండికా, ఇంకా లాంజిఫోలియా. లాంజిఫోలియా అంటే పొడవాటి ఆకులది.

తంటా ఈ చివరి పేరుతోనే వచ్చింది. యూరప్‌లో పొడవాటి ఆకుల సన్‌డ్యూలు రెండు రకాలు ఉన్నాయి. లిన్నేయస్ పెట్టిన ఒక్క పేరు కింద ఆ రెండూ కలిసిపోయాయి. తర్వాతి వాళ్లు వాటిని ఆంగ్లికా, ఇంటర్మీడియా అని విడదీశారు. ఇంగ్లండ్‌కి చెందిన హడ్సన్ 1778లో ఆంగ్లికాకి పేరు పెట్టాడు. అయినా పాత పేరు పోలేదు. ఒక పుస్తకంలో లాంజిఫోలియా అంటే ఆంగ్లికా, ఇంకో పుస్తకంలో లాంజిఫోలియా అంటే ఇంటర్మీడియా. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివేవాడి సంగతి ఊహించుకోండి. ఈ గొడవ ఇక తెగదని, 20వ శతాబ్దం చివర్లో శాస్త్రవేత్తలు లాంజిఫోలియా అనే పేరునే వాడకుండా పక్కన పెట్టేశారు. దాదాపు 250 ఏళ్లు పట్టింది.

నిజానికి ఈ రెండు మొక్కల్నీ పువ్వు కాడ చూసి విడదీయొచ్చు. ఆంగ్లికాలో కాడ ఆకుల మధ్య నుంచి నిటారుగా లేస్తుంది. ఇంటర్మీడియాలో పక్క నుంచి బయలుదేరి, ఒక వంపు తిరిగి పైకి లేస్తుంది. ఆకుల పొడవు ఒక్కటే చూసేవాడికి ఈ తేడా కనపడదు. ఎక్కడ చూడాలో తెలియడమే సగం పని.

20, 40, 60

తర్వాత కొత్త పనిముట్టు వచ్చింది. వేరు కొనల్లోని కణాలని మైక్రోస్కోప్ కింద పెట్టి క్రోమోజోమ్‌లు లెక్కపెట్టడం. రొటండిఫోలియాలో 20 ఉన్నాయి. ఉత్తర అమెరికాలోని లీనియారిస్ అనే సన్నటి ఆకుల జాతిలోనూ 20. ఆంగ్లికాలో మాత్రం 40.

1955లో అమెరికన్ వృక్షశాస్త్రవేత్త క్యారల్ వుడ్ ఈ లెక్కకి అర్థం చెప్పాడు. రొటండిఫోలియా, లీనియారిస్ కలిస్తే సంకరం పుడుతుంది. రెండు వేర్వేరు జాతుల క్రోమోజోమ్‌లు జంట కుదరక ఆ సంకరానికి గింజ పట్టదు. కానీ ఎప్పుడో ఒకసారి దాని క్రోమోజోమ్‌లు మొత్తం రెట్టింపయ్యాయి. ఇప్పుడు ప్రతిదానికీ ఒక జంట దొరికింది, గింజ పట్టింది. అలా పుట్టిన కొత్త జాతే ఆంగ్లికా.

ఇప్పుడు మన జపాన్ కుండీ దగ్గరికి వెళ్దాం.

స్పాట్యులాటా అనే పేరు 1804 నాటిది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లాబిలార్డియేర్ పెట్టాడు. జపాన్ నుంచి న్యూజిలాండ్ దాకా పెరిగే మొక్క ఇది. ఆకు చెంచాలా ఉంటుంది, కాడ ఎక్కడ ఆగిందో ఆకు ఎక్కడ మొదలైందో చెప్పలేనట్టు మెల్లగా వెడల్పవుతుంది. జపాన్‌లో పెంచేవాళ్లు ఇందులో రెండు రకాలున్నాయని ఎప్పుడో గమనించారు. టోక్యో వైపు దొరికేది కాంటో రకం, ఒసాకా వైపు దొరికేది కన్సాయ్ రకం. కన్సాయ్ రకంలో ఆకు చివర కాస్త గుండ్రంగా, కాడ కాస్త విడిగా ఉంటుంది. ఒకే జాతిలో ప్రాంతాన్ని బట్టి తేడా అనుకున్నారు. అలా అనుకోవడం సహజమే కదా. మన దగ్గర ఒకే రకం వంకాయ ఊరు మారితే కాస్త మారినట్టు ఉండదా?

క్రోమోజోమ్‌లు లెక్కపెడితే కథ తిరిగింది. కాంటో రకంలో 40. కన్సాయ్ రకంలో 60.

60 ఎలా వచ్చింది? రొటండిఫోలియా 20, అందులో సగం 10. స్పాట్యులాటా 40, అందులో సగం 20. రెండూ కలిస్తే 30 ఉన్న సంకరం, దానికి గింజ పట్టదు. ఆ 30 రెట్టింపయితే 60. ఆంగ్లికా కథే, ఇంకో చోట, ఇంకో జంటతో జరిగింది. గుండ్రటి ఆకు, విడిగా ఉన్న కాడ ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు అర్థమైంది. అవి రొటండిఫోలియా పోలికలు.

1978లో కోమియా, షిబాటా అనే ఇద్దరు దీన్ని స్పాట్యులాటాలోనే ఒక ఉపజాతిగా గుర్తించి, నగోయా పరిసరాల్లోని టోకై ప్రాంతం పేరు మీద టోకైయెన్సిస్ అన్నారు. 1991లో నకమురా, ఉయెదా దాన్ని పూర్తిగా వేరే జాతిగా నిలబెట్టారు. తర్వాత క్రోమోజోమ్‌ల మీద జరిగిన కొత్త పరిశోధనలు కూడా ఈ పుట్టుకనే బలపరిచాయి. ఇదీ ఆ కుండీలోని మొక్క అసలు పేరు: డ్రోసెరా టోకైయెన్సిస్.

ఇన్నాళ్లు ఎందుకు దొరకలేదు? ఎందుకంటే దానికి గింజ బాగా పడుతుంది. గింజ పట్టని మొక్కయితే ఎవరికైనా అనుమానం వచ్చేది. ఇది చక్కగా గింజలు ఇచ్చింది, గింజలతో పాటు పాత పేరూ ఊళ్లు తిరిగింది.

లేబుల్ ఎలా తప్పుతుంది

విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా అని మన పెద్దవాళ్లు అడుగుతారు. మొలవదనే కదా దాని అర్థం. కానీ సన్‌డ్యూల దగ్గర ఈ సామెత అక్షరాలా తిరగబడుతుంది, మొలుస్తుంది!

కేపెన్సిస్ సంగతే తీసుకోండి. కొత్తగా పెంచేవాళ్లు ఎక్కువగా మొదలుపెట్టేది దీంతోనే. తన పుప్పొడితో తానే గింజ కట్టుకుంటుంది. ఒక్కో కాడకి బోలెడు కాయలు, కాయ నిండా దుమ్ములాంటి గింజలు. గాలి కాస్త వీచినా, కుండీ కాస్త కదిలినా పక్క కుండీలో పడతాయి. ఆ పక్క కుండీలో ఉన్నది నెమ్మదిగా పెరిగే అరుదైన జాతి అనుకోండి. అది ఒక ఎండాకాలం చచ్చిపోతుంది. కేపెన్సిస్ పిల్ల మొక్క ఆ చోటు ఆక్రమిస్తుంది. లేబుల్ మాత్రం చచ్చిపోయిన మొక్క పేరుతో అలాగే నిలబడి ఉంటుంది. పిల్ల మొక్కలుగా ఉన్నప్పుడు చాలా సన్‌డ్యూలు ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేసరికి ఆ కుండీ నుంచి నలుగురికి గింజలు వెళ్లిపోయి ఉంటాయి.

ఇదొక్కటే కాదు. లేబుల్ మీద రాత ఎండకి వెలిసిపోతుంది, సగం పేరు మిగులుతుంది, మిగతా సగం ఊహించి రాస్తారు. పక్కపక్కన పూసిన రెండు జాతులు కలిసి సంకరం పుడుతుంది, దానికి తల్లి పేరే ఉండిపోతుంది. టోకైయెన్సిస్‌లాగా శాస్త్రం పేరు మార్చినా, అమ్మేవాళ్లు పాత పేరుతోనే అమ్ముతారు, ఎందుకంటే కొనేవాళ్లు పాత పేరుతోనే అడుగుతారు.

బంగినపల్లి అంటు మొక్క అని కొని నాటితే, నాలుగేళ్లకి కాపు వచ్చాక అసలు రంగు బయటపడ్డ ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు? అక్కడ కనీసం కాయ కోసి రుచి చూస్తే తెలుస్తుంది. సన్‌డ్యూ దగ్గర ఏం చూడాలి?

ఏం చూడాలి, ఏం చూడకూడదు

ముందు, రంగుని నమ్మకండి. బాగా ఎండ తగిలితే ఎర్రబడే మొక్క, నీడలో పెడితే పచ్చగా, ఆకులు సాగిపోయి ఉంటుంది. ఒకే మొక్కకి ఆరు నెలల తేడాతో తీసిన రెండు ఫొటోలు రెండు జాతుల్లా కనిపిస్తాయి. సైజునీ నమ్మకండి. కుండీ, తిండి, వయసు బట్టి అది మారుతుంది.

నమ్మదగ్గవి ఇవి. ఒకటి, మొక్క నేలకి అంటుకుని గుండ్రంగా పరుచుకుందా, కాండంతో పైకి లేచిందా. రెండు, ఆకు కాడ ఎక్కడ ఆగింది, జిగురు వెంట్రుకలు ఎక్కడ మొదలయ్యాయి. మూడు, ఆకు మొదట్లో పొరలాంటి చిన్న రేకులు, అంటే ఇంటర్ బోటనీలో చదివే పత్రపుచ్ఛాలు, ఉన్నాయా లేవా, ఉంటే వాటి అంచు ఎలా చీలింది. నాలుగు, పువ్వు కాడ మధ్య నుంచి వచ్చిందా, పక్క నుంచి వంపు తిరిగిందా, దాని మీద నూగు ఉందా. ఐదు, పువ్వు మధ్యలో కీలాలు ఎన్ని, అవి చీలి ఉన్నాయా. ఆరు, గింజ ఆకారం. రొటండిఫోలియా గింజ రెండు చివర్లా సాగిన సన్నటి కదురులా ఉంటుంది. ఇంటర్మీడియా గింజ పొట్టిగా, ఒళ్లంతా బుడిపెలతో ఉంటుంది. ఫోన్‌కి తగిలించే చవక మాక్రో లెన్స్‌తో కూడా ఈ తేడా కొంత దొరుకుతుంది.

చాలా జాతుల్లో పువ్వు ఒక్క రోజే విచ్చుకుంటుంది. కాబట్టి పూసిన రోజే ఫొటో తీయాలి. పూలు, గింజలు చూడకుండా ఖాయంగా పేరు చెప్పేవాళ్లని కాస్త అనుమానించండి.

ఇంకో మాట. పేరు తప్పని తేలినా పాత లేబుల్ పారేయకండి. దాని వెనక కొత్త పేరు, తేదీ, గింజ ఎవరి దగ్గర నుంచి ఏ ఏడాది వచ్చిందో రాసి పెట్టండి. ఆ గింజలు ఇంకెవరి దగ్గరికి వెళ్లాయో వెతకాలంటే ఆ పాత పేరే దారి చూపిస్తుంది. హెర్బేరియంలలో ఇదే చేస్తారు. ఎండబెట్టి అతికించిన మొక్క పక్కన పాత చీటీ అలాగే ఉంచి, కొత్త చీటీ అతికిస్తారు. కొన్ని షీట్ల మీద నాలుగైదు చీటీలుంటాయి. అది ఆ మొక్క పేరు చరిత్ర.

మన ఇండికా

ఇప్పుడు మన నేలకి వద్దాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెండు సన్‌డ్యూలు పెరుగుతాయి. తేమ ఉన్న ఇసుక నేలల్లో, గడ్డి పలచగా ఉన్న చోట వెతికితే కనిపిస్తాయి. ఒకటి డ్రోసెరా బర్మానై. నేలకి అంటుకుని రూపాయి బిళ్లంత గుండ్రంగా ఉంటుంది, తెల్ల పువ్వు, కీలాలు ఐదు. సన్‌డ్యూల్లో చాలా వాటికి కీలాలు మూడే, ఒక్కొక్కటీ రెండుగా చీలి ఉంటుంది. డెన్మార్క్‌లో ఉన్న వాల్ 1794లో, సింహళ మొక్కల మీద పుస్తకం రాసిన యోహానెస్ బర్మన్ పేరు దీనికి పెట్టాడు. రెండోది డ్రోసెరా ఇండికా. సన్నటి కాండం, దారాల్లాంటి పొడవాటి ఆకులు, పత్రపుచ్ఛాలు ఉండవు. ఈ రెంటినీ మీరు ఒక్క చూపులో విడదీయగలరు.

కానీ ఇండికా పేరుకి కూడా పెద్ద కథ ఉంది. లిన్నేయస్ ఈ దేశం ఎప్పుడూ రాలేదు. అక్కడే కూర్చుని 1753లో ఈ పేరు పెట్టాడు. ఆ తర్వాత ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా దారాల్లాంటి ఆకులున్న సన్‌డ్యూ ఎక్కడ కనబడినా ఇండికా అనేశారు. మధ్యలో ఒకరిద్దరు వేరే పేర్లు పెట్టారు. జార్జ్ ఫిన్లేసన్ సేకరించిన మొక్కకి ఆయన పేరు మీద ఫిన్లేసోనియానా అని 19వ శతాబ్దంలోనే పేరు వచ్చింది. కానీ అలాంటివన్నీ ఇండికాలో కలిసిపోయాయి.

2001లో మొదటి చీలిక వచ్చింది. ఉత్తర ఆస్ట్రేలియాలో ఇండికా లాంటి ఒక మొక్క ఆకు మొదట్లో, వెలుగు పడితే మెరిసే పసుపు బుడిపెలు ఉన్నాయి. దానికి హార్ట్‌మేయెరోరమ్ అని వేరే పేరు పెట్టారు. 2013లో మాథ్యూ బారెట్, అలెన్ లోరీ పాత హెర్బేరియం షీట్లన్నీ తిరగేసి, ఏ పేరు ఏ మొక్కదో తేల్చారు. ఫిన్లేసోనియానా లాంటి పాత పేర్లు మళ్లీ లేచి నిలబడ్డాయి. కొత్త జాతులూ చేరాయి. ఒకే ఇండికా అనుకున్నది దాదాపు డజను జాతులుగా విడిపోయింది. అంటే ఆస్ట్రేలియా గింజల నుంచి పెంచి ఇండికా అని లేబుల్ పెట్టిన కుండీలన్నీ మళ్లీ చూసుకోవాల్సిందే.

పేరు తప్పయితే కొంప ఏం మునుగుతుందని మొదట్లో అడిగాం కదా. జవాబు ఇక్కడుంది. ఒక మొక్క రెండు మూడు ఖండాల్లో పెరుగుతుందని కాగితం మీద ఉంటే, ఒక చిన్న తడి నేలని మట్టి పోసి ప్లాట్లు చేసినా ఎవరూ అడగరు, ఇంకా బోలెడు చోట్ల ఉంది కదా అంటారు. ఆ ఒక్క చోటే ఉన్న వేరే జాతి అని తెలిస్తే మాట మారుతుంది. ఆధార్‌లో పేరు తప్పు పడితే మనిషికి రావాల్సింది రాదు. మొక్కకీ అంతే, రావాల్సిన రక్షణ రాదు.

ఫోన్‌తో దొరికిన మొక్క

చివరగా ఒక్క సంఘటన. బ్రెజిల్‌లో మినాస్ జెరైస్ రాష్ట్రంలో ఆర్కిడ్‌ల మీద ఇష్టంతో కొండలెక్కే ఒకాయన, తాను తీసిన ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టాడు. వాటిలో ఒక పెద్ద సన్‌డ్యూ ఉంది. ఆ ఫొటో నిపుణుల కంట పడింది. ఇది తెలిసిన జాతుల్లో ఏదీ కాదని వాళ్లకి అనుమానం వచ్చింది. కొండెక్కి చూశారు. 2015లో గోనెల్లా, రివడావియా, ఫ్లైష్‌మన్ దానికి డ్రోసెరా మాగ్నిఫికా అని పేరు పెట్టారు. ఒకటిన్నర మీటర్ల దాకా పెరిగే ఈ మొక్క అప్పటికి ఒకే ఒక్క కొండ మీద దొరికింది. సోషల్ మీడియా ఫొటోల ద్వారా బయటపడ్డ మొదటి మొక్క జాతి అని దీన్ని చెప్తారు.

ఈసారి వానలయ్యాక మీకు సన్‌డ్యూ కనబడితే పీకకండి, ఇంటికి తెచ్చినా సాధారణంగా బతకదు. కూర్చుని ఫొటోలు తీయండి: పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ఆకు మొదలు దగ్గరగా ఒకటి, పువ్వు ఉంటే దాని మధ్య భాగం ఒకటి. ఊరు, తేదీ రాసుకోండి. పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడిని తర్వాత ఎవరైనా నింపుతారు. తప్పు పేరుని తీయడానికి మాత్రం, చూశాం కదా, ఒక్కోసారి 250 ఏళ్లు పడుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.